సామీ జంట కత్తులు
నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర ప్రాంతాల్లోనూ రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ నివసించే సామీలు వేటకూ, రెయిన్‌డీర్ మందల వెంటా వెళ్లేటప్పుడు నడుముకు కట్టుకునే, మడత లేని రెండు కత్తుల జత. ఫిన్నిష్ భాషలో పెద్దది లెవుకు, చిన్నది పూక్కో. రెండింటినీ ఒకే ఒరలో ఇమిడ్చి కట్టుకోవడమూ ఉంది.

లెవుకు అలుగు సాధారణంగా 20 సెం.మీ.కు తగ్గదు. గుడారానికి కొమ్మలు నరకడం, పుల్లలు చీల్చడం, ఎముకలు కొట్టడం దాని పని. బిర్చ్ కర్ర పిడి చివర వెడల్పుగా ఉంటుంది కాబట్టి మందపాటి ఉన్ని తొడుగు వేసుకున్న చేతిలోనూ జారదు. పూక్కో అలుగు 10 సెం.మీ. అటూ ఇటూ. తోలు ఒలవడం, చేపలు శుభ్రం చేయడం, కర్ర చెక్కడం, రెయిన్‌డీర్ పిల్లల చెవులకు యజమాని గుర్తు కోయడం దాని వంతు.

ఈ పని విభజనే జతకు ప్రాణం. మధ్యరకం కత్తి ఒక్కటే చాలనుకోవడం పొరపాటు. నరకడానికి కావలసిన మందం తోలు కింద సాఫీగా దూరదు, ఒలిచే పలుచని అంచు కట్టెలో మెలితిరిగితే పెచ్చు లేస్తుంది. ఎంచుకునేటప్పుడు పెద్దదానిలో బరువు పొందికను, చిన్నదానిలో పదునును చూడాలి. కార్బన్ ఉక్కు సానరాయిపై త్వరగా పదునెక్కుతుంది, తుడిచి నూనె రాయకపోతే అంతే త్వరగా తుప్పు పడుతుంది. పిడిని సగం వరకైనా బిగించి పట్టని ఒర మాత్రం ప్రమాదకరం.