చీనా యాత్రికుడు చూసిన మన నగరాలు

అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ దాటి, మామిడికుదురు వైపు వెళితే ఆదుర్రు వస్తుంది. అక్కడ కొబ్బరితోటల మధ్య, గోదావరి పాయకు చేరువలో, ఇటుక కట్టడపు అడుగుభాగం ఒకటి మిగిలివుంది. బండిచక్రంలో ఆకుల మాదిరిగా మధ్యనుంచి అంచుకు సాగిన ఇటుకగోడలు, ఆయక వేదికల ఆనవాళ్ళు చూస్తే అది బౌద్ధస్తూపమని తెలుస్తుంది. పోయిన శీతాకాలంలో మా విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళాను. చుట్టూ తిరిగి చూసిన తరువాత ఒక అమ్మాయి అడిగింది: “ఇంత కట్టినవాళ్ళ గురించి మన పుస్తకాల్లో ఒక్క ముక్కయినా లేదేమిటి మాస్టారూ?”

ఆ అమ్మాయికి అప్పుడు నేను చెప్పింది సగం సమాధానమే. తక్కిన సగం చెప్పాలంటే ఆదుర్రు నుంచి ధరణికోటకూ, ధరణికోట నుంచి చీనాదేశానికీ వెళ్ళి రావలసివుంటుంది. ఎందుకంటే, మనం పోగొట్టుకున్న మన ప్రాచీన నగరాల జ్ఞాపకంలో ఒక ముఖ్యభాగం చీనా భాషలో దాగివుంది.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. అశోకుని కూతురు సంఘమిత్ర సింహళానికి పోతూ ఆదుర్రులో స్తూపానికి పునాది వేసిందని ఈ ప్రాంతంలో ఒక కథ వున్నది. వినటానికి బాగుంటుంది. కాని సింహళ గ్రంథమైన మహావంశం ప్రకారం ఆమె ఓడ ఎక్కినది వంగదేశపు రేవు తామ్రలిప్తిలో. కాబట్టి ఈ కథను చరిత్రగా తీసుకోలేము. అయితే కథను పారవెయ్యనక్కరలేదు. ఈ నదీముఖానికీ సముద్రం ఆవలి దేశాలకూ రాకపోకలు వుండేవన్న ఊహ జనం మనసులో నిలిచివున్నదని అది తెలుపుతుంది. రాజకుమార్తె పేరు నిలిచింది. ఇటుక కాల్చినవాడి పేరు, ఓడ నడిపినవాడి పేరు పోయింది. జనశ్రుతిలో కూడా పేర్లు ఎవరివి నిలుస్తాయో, ఎవరివి పోతాయో చూడండి.

ఇక చీనా యాత్రికుని సంగతి. హ్యూయన్‌త్సాంగ్ బౌద్ధగ్రంథాల మూలప్రతులు వెతుక్కుంటూ వచ్చి, భారతదేశం నాలుగు చెరగులా తిరిగి, 645లో స్వదేశం చేరాడు. మరుసటి సంవత్సరం, 646లో, చక్రవర్తి కోరికపై తన యాత్రను పన్నెండు సంపుటాల గ్రంథంగా సిద్ధం చేశాడు. కళింగం, దక్షిణకోసలం మీదుగా ఆయన ఆంధ్రదేశానికి వచ్చింది సుమారు 639 ప్రాంతంలో. కోనసీమకు వచ్చిన దాఖలా లేదు. ఆయన పేర్కొన్న ఆంధ్ర రాజధానిని ఎక్కువమంది పండితులు వేంగీపురంగా, అంటే ఏలూరు దగ్గరి నేటి పెదవేగిగా గుర్తించారు.

ఆయన రాసినదాని సారాంశమిది. నేల సారవంతం, వాతావరణం వేడి, మనుషులు ఆవేశపరులు. భాష మధ్యదేశపు భాషకు భిన్నం. లిపి మాత్రం దాదాపు అదే. సంఘారామాలు ఇరవైకి పైగా వున్నాయి, వాటిలో మూడువేలమంది భిక్షువులు. రాజధానికి నైరుతిగా ఒక ఒంటరి కొండ, దానిమీద రాతిస్తూపం. దిజ్ఞాగుడు తన తర్కశాస్త్రాన్ని రచించింది అక్కడేనట. అక్కడినుంచి దక్షిణంగా వెళ్ళి ఆయన ధాన్యకటకం చేరాడు. అక్కడి దృశ్యం వేరు. పంటలు సమృద్ధి, కాని జనావాసాలు పలుచన. చదువంటే జనానికి మక్కువ. విహారాలు ఎన్నో వున్నాయి గాని చాలావరకు పాడుపడ్డాయి. ఇరవై దాకా మాత్రం నిలిచివుండగా వాటిలో వెయ్యిమంది భిక్షువులు. దేవాలయాలు వంద. నగరానికి తూర్పున పూర్వశైల విహారం, పడమట అపరశైల విహారం. అవి నిర్జనంగా వున్నాయి.

విదేశీయుడు మనలను పొగిడాడని పొంగిపోయేవారు ఈ చివరి వాక్యాలను సాధారణంగా వదిలివేస్తారు. హ్యూయన్‌త్సాంగ్ మనకు ప్రశంసాపత్రం రాయటానికి రాలేదు. ఆయన చూసింది ఒక వైభవపు మలిసంధ్యను. పూర్వశైల విహారం ఎందుకు పాడుపడిందని అడిగితే, కొండదేవతలు రూపాలు మార్చి యాత్రికులను భయపెట్టారని ఆయనకు చెప్పారు. ఆయన అలాగే రాసుకున్నాడు. మనం అక్కడ ఆగలేము. ఆ విహారాలను పోషించినవారిలో వర్తకులు, గృహపతులు, చేతిపనివారు ముఖ్యులు. రోము వర్తకం సన్నగిల్లింది. దానితో సంఘానికి పోషణ తగ్గింది. శాలంకాయనులు, విష్ణుకుండినులు మొదలైన రాజవంశాల కాలంలో భూదానాలు బ్రాహ్మణ అగ్రహారాలకు మళ్ళాయి. సంపద రేవుల నుంచి, అంగడివీధుల నుంచి భూమికి మారింది. దానితోపాటు దానం చేసే చెయ్యీ, పుచ్చుకునే చెయ్యీ మారాయి. కొండదేవతలు రూపం మార్చటం అంటే నిజానికి ఇదే.

అయినా బౌద్ధం ఒక్కనాడు అంతరించలేదు. 1182 నాటి అమరావతి శాసనం కోట రాజు కేతుడు బుద్ధునికి గ్రామాలూ దీపాలూ ఇచ్చిన సంగతి చెబుతున్నది. 1344 నాటి సింహళంలోని గడలాదెణియ శాసనం ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్లు చెబుతున్నది. ఆపైన చీకటి. చివరికి ఆ మహాస్తూపం ఒక దిబ్బగా మిగిలింది.

ఇప్పుడు యాత్రికుని వెంట చీనాకు పోదాము. ధాన్యకటకంలో ఆయన వట్టి ప్రేక్షకుడుగా లేడు. ఆయన జీవితచరిత్ర రాసిన హుయిలీ చెప్పినదాన్నిబట్టి, కొన్ని నెలలు అక్కడ నిలిచి సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘిక అభిధర్మం చదివాడు. బదులుగా మహాయాన శాస్త్రాలు వారికి బోధించాడు. ఇచ్చిపుచ్చుకోవటం అంటే ఇది. ఇంత దూరం వచ్చిన పండితుడు పాడుపడుతున్న ఊరిలో శిష్యుడుగా కూర్చున్నాడు. ఆ ఊరి పండితులు పరదేశి దగ్గర శిష్యులుగా కూర్చున్నారు.

ఆయన తీసుకుపోయిన గ్రంథాలు 657. వాటిని భద్రపరచటానికి చాంగన్ నగరంలో, అంటే నేటి షియాన్‌లో, 652లో ఇటుక గోపురం కట్టించారు. తరువాతి కాలంలో తిరిగి కట్టబడి, పెద్ద అడవిబాతు గోపురమనే పేరుతో అది నేటికీ నిలిచివుంది. ధాన్యకటకానికి చెందినవాడుగా యాత్రికుడు పేర్కొన్న భావవివేకుని ‘కరతలరత్నం’ సంస్కృతమూలం మనకు దక్కలేదు. హ్యూయన్‌త్సాంగ్ చేసిన చీనా అనువాదంలో మాత్రమే దక్కింది. చీనా నుంచి దానిని తిరిగి సంస్కృతంలోకి తెచ్చుకుని, 1949లో విశ్వభారతి ప్రచురించింది. దిజ్ఞాగుని న్యాయముఖం విషయం కూడా ఇటువంటిదే. చీనా అనువాదం లేకపోతే అది మనకు పేరుగా మాత్రమే మిగిలేది.

నగరాల సంగతీ అంతే. హ్యూయన్‌త్సాంగ్ యాత్రాగ్రంథాన్ని జూలియన్ ఫ్రెంచిలోకి 1857-58లో, బీల్ ఇంగ్లీషులోకి 1884లో అనువదించారు. దాని ఆధారంతో 1871లో కన్నింగ్‌హామ్ ప్రాచీన భారత భూగోళాన్ని రచించాడు. మన దిబ్బలకు పేర్లు పెట్టుకోవటానికి మనకు చీనా భిక్షువు దారి చూపవలసివచ్చింది.

ఆ సమయానికే మనం ఏం చేశాము? 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడు స్తూపపు దిబ్బను తవ్వి రాళ్ళు తీశారు. 1797లో మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగివచ్చి, మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించేనాటికి ఎన్నో పోయాయి. పాలరాయిలా మెరిసే సున్నపురాతి పలకలు కొన్ని గోడల్లో చేరాయి, కొన్ని సున్నపుబట్టీల్లో కాలాయి. 1845లో ఎలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలలో చాలాభాగం 1859లో లండన్ చేరాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. జమీందారు రాయిని రాయిగానే చూశాడు. పరప్రభుత్వం కళాఖండంగా చూసి పట్టుకుపోయింది. ఈ ఇద్దరి చేతుల్లోనూ పడకుండా మిగిలింది చీనా పుస్తకంలోని అక్షరం.

అయితే హ్యూయన్‌త్సాంగ్ గ్రంథానికీ ఒక కొరత వున్నది. ఆయన భిక్షువు; విహారాలనూ, పండితులనూ, వారి వాదోపవాదాలనూ చూశాడు. తనకు అన్నం పెట్టిన రైతును చూడలేదు. ఆ మూడువేలమంది భిక్షువులను పోషించిన వరిచేలలో ఎవరు వంగి నాట్లు వేశారో ఆయన లెక్కల్లో లేదు. ఆ కొరతను కొంత తీర్చేది అమరావతి శిలలమీది చిన్నచిన్న దానశాసనాలే. గృహపతులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, భిక్షుణులు తమ పేర్లు అక్కడ చెక్కించుకున్నారు. వాటిలో ఒకటి విధికుడనే చర్మకారునిది. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు ఇతడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి, పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని మహాస్తూపానికి సమర్పించాడు.

ఒక్క శాసనాన్ని పట్టుకుని ఆనాడు కులభేదమే లేదనటం తొందరపాటు. దానం చెయ్యగల స్తోమత లేని శ్రామికులు ఆ శిలలమీద ఎక్కడా కనపడరు. బౌద్ధసంఘం వర్గసమాజం మధ్యనే, దాని మిగులుమీదనే బతికింది. కాని ఒక్క విషయంలో సందేహం లేదు. తోలుపని చేసేవాడు, తన వృత్తిని దాచుకోకుండా, ఇంటిల్లిపాది ఊసుతో, ఆ దేశపు అత్యుత్తమ కట్టడం మీద పేరు చెక్కించుకోగలిగాడు. తరువాత వెయ్యేళ్ళపాటు ఆ వృత్తివానిని ఊరి బయట నిలబెట్టారు. గుడిమీద పేరు మాట అటుంచి, గుడి గడప తొక్కనివ్వలేదు.

ఈ సంగతి నాకు పురావస్తు కుతూహలం మాత్రమే కాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. ఆ మే నెలలో దానికి అంబేడ్కర్ పేరు చేర్చటానికి ప్రభుత్వం ప్రకటన చేసింది. మే 24న దాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో సాగిన ప్రదర్శన హింసగా మారింది. ఇళ్ళూ, బస్సులూ తగలబడ్డాయి. తరువాత ఆ పేరే ఖాయమైంది. కాని తరగతులు తెరిచిన రోజున, అంతకుముందు కలిసి కూర్చున్న పిల్లలు వేరువేరు బెంచీలమీద కూర్చున్నారు. నేను ఆరోజు ప్రబంధ పాఠం చెప్పి బయటికి వచ్చాను. అంతకుమించి చెప్పే ధైర్యం చాలలేదు. విద్యార్థులను ఆదుర్రు తీసుకుపోవాలన్న ఆలోచన ఆ సిగ్గులోంచే పుట్టింది.

అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించాడు. ఆ మనిషి పేరు కోనసీమకు పరాయిదని వాదించినవారి కాళ్ళ కింద, కోనసీమ మట్టిలోనే, బౌద్ధస్తూపం పడివుంది. పేరు బయటినుంచి వచ్చింది కాదు. చెరిగిపోయిన పేరు తిరిగి వచ్చింది.

ఆదుర్రులో నన్ను ప్రశ్నించిన అమ్మాయికి తక్కిన సగం సమాధానం ఇది. కట్టినవాళ్ళ గురించి మన పుస్తకాల్లో లేకపోవటానికి కారణం వాళ్ళు లేకపోవటం కాదు. పుస్తకాలు రాసే హక్కు, దాచే హక్కు కొద్దిమంది చేతుల్లోకి పోవటం. ఆ గుప్పిట జారిన అక్షరాలను దూరదేశపు భాష కొంత కాపాడింది, రాతిపలకలు కొంత కాపాడాయి. మిగతాది వెతకవలసిన పని మనది. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. విహారయాత్ర అనగానే పిల్లలను తీర్థాలకూ, పార్కులకూ తిప్పి తీసుకురావద్దు. మీ ఊరికి దగ్గరలోని దిబ్బ దగ్గరకు నడిపించండి. విధికుని పేరు వాళ్ళచేత పైకి చదివించండి.

ఆరోజు తిరుగుప్రయాణంలో వంతెనమీద బండి ఆపి, పిల్లలంతా దిగి వైనతేయను చూశారు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో నేను గమనించాను. అందరూ కాదు గాని, కొందరు మళ్ళీ కలిసే నిలబడ్డారు.