విద్యార్థులు, అనుజ్ఞాపత్రము, లోకహితము

విద్య దానము చేసినకొలది వర్ధిల్లునని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. కాని నేటి శాస్త్రవిద్యలో దానమునకును విక్రయమునకును నడుమ మూడవ మార్గ మొకటి కలదు. ఒకరు కనిపెట్టిన యుపాయమును మరియొకరు కొన్ని నిబంధనలకు లోబడి వాడుకొనుటకు వ్రాసి యిచ్చెడి అనుజ్ఞాపత్రమే యది. దానినే వర్తకులు లైసెన్సు అందురు. చూచుట కది శుష్కమైన కాగితము. అయినను అందలి యొక్క వాక్యముపై వేలకొలది ప్రాణములు నిలిచియుండుట కలదు. మన కళాశాలలలో పిల్లలకు ప్రయోగశాలను చూపుదుముగాని యీ కాగితమును చూపము. ఈ లోప మెంతటిదో చరిత్రమునే యడిగి చూతము.

1921 మే నెలలో కెనడా దేశమందలి టొరంటో విశ్వవిద్యాలయమున, ఆచార్య మెక్లియడ్ గారి ప్రయోగశాలలో, బాంటింగ్ అను శస్త్రవైద్యుడును, అప్పుడే పట్టపరీక్ష ముగించిన బెస్టు అను ఇరువదిరెండేండ్ల విద్యార్థియు మధుమేహమునకు మందు వెదకుటకు పూనుకొనిరి. పిమ్మట కాలిప్ అను రసాయనవేత్త వారితో కూడి యా సారమును శుద్ధిచేసెను. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలు డొక డా మందువలన మృత్యుముఖమునుండి తప్పుకొనెను. అదియే ఇన్సులిను. దానిపై హక్కును వారు ముగ్గురును 1923లో తలకొక్క డాలరు మాత్రము పుచ్చుకొని విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చిరి.

ఊరక లోకమునకు వదలివేయక హక్కును నమోదు చేయించుట యేల యని చదువరులకు సందేహము కలుగవచ్చును. వదలిన సొత్తును వేరొకడు కాజేసి యితరులకు తలుపు మూయకుండుటకును, నాసిమందు రోగుల చేతికి పోకుండుటకును వా రట్లు చేసిరి. విశ్వవిద్యాలయ సంఘ మొకటి మందు చేయువారికి అనుజ్ఞ లిచ్చుచు, మందు బలమును పరీక్షింపవలెనని నిబంధన పెట్టెను. 1922లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అగస్టు క్రోగ్ టొరంటోకు పోయెను. ఆయన భార్య మేరీ స్వయముగా వైద్యురాలు, మధుమేహ పీడితురాలు. ఆయన తన ప్రాంతమునకు అనుజ్ఞ సంపాదించి, హాగెడార్న్ అను వైద్యునితో కలిసి 1923లో నార్డిస్క్ అను లాభాపేక్షలేని సంస్థను నెలకొల్పెను. ఇతరుల విద్యను అనుమతితో గైకొని లోకహితమునకు వినియోగించుట యెట్లో యీ సంస్థ చూపినది.

తరువాతి కాలమున గాలి మారెను. ప్రభుత్వ ధనముతో పుట్టిన నూతన కల్పనలను విశ్వవిద్యాలయములే తమవిగా నుంచుకొని అనుజ్ఞ లీయవచ్చునని అమెరికా దేశము 1980లో శాసనము చేసెను. యేల్ విశ్వవిద్యాలయమున ప్రూసాఫ్, లిన్ అను శాస్త్రజ్ఞులు ఎయిడ్సు వ్యాధిపై పనిచేయునని కనుగొన్న స్టావుడిన్ అను మందు ఒక పెద్ద కంపెనీ వశమయ్యెను. అట్టి మందుల కూర్పునకు ఏటికి పదివేల డాలర్లకు పైగా వెల యుండగా ఆఫ్రికా రోగు లేమి కొనగలరు? 2001లో వైద్యసేవకుల సంఘ మొకటి యేల్‌ను ప్రశ్నింపగా, అచ్చటి విద్యార్థులు ఆందోళనము సాగించిరి. ప్రూసాఫ్ గారే వారి పక్షము వహించెను. ఆ మార్చి నెలలో కంపెనీ దక్షిణాఫ్రికాలో తన హక్కును చెల్లించుకొనబోనని ప్రకటించెను. టొరంటోలో ముందే వ్రాసికొన్న ధర్మమును యేల్‌లో విద్యార్థులు పోరాడి వెనుకనుండి తెచ్చుకొనవలసి వచ్చెను. ఈ నడుమ గడచిన యేండ్లలో మందు లేక పోయిన వారిని ఏ ప్రకటనయు తిరిగి తేజాలదు గదా!

ఇక మూడవ యుదాహరణము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పేదలకు అందుబాటులోనుండు వస్తువులను కల్పించుట నేర్పెడి తరగతి కలదు. 2007లో జేన్ చెన్, రాహుల్ పానిక్కర్ మొదలగు విద్యార్థుల కొక కార్యము విధింపబడెను: నెలతక్కువ శిశువులకు వెచ్చదన మిచ్చు సాధనమును స్వల్పవ్యయముతో చేయుట. వారిలో నొకరు నేపాళమునకు పోయి చూడగా, ఆసుపత్రిలో యంత్రములు ఖాళీగా నుండెను; శిశువులు మాత్రము పల్లెలలో చనిపోవుచుండిరి. కావున వారు యంత్రమును చౌకచేయుట మాని, కరగిన మైనమువంటి పదార్థపు సంచితో కొన్నిగంటలు వెచ్చదనము నిలుపు చిన్న పడకసంచిని కల్పించిరి. దానికి ఎంబ్రేస్ అని పేరు. 2008లో ధర్మసంస్థ నెలకొల్పి, పిమ్మట బెంగుళూరునకు తరలివచ్చిరి. 2012లో మూలధనమునకై వ్యాపారసంస్థను వేరుచేసినప్పుడు, కల్పనపై హక్కును ధర్మసంస్థయే యుంచుకొని వ్యాపారసంస్థకు అనుజ్ఞ మాత్ర మిచ్చెను. తాళపుచెవి ధర్మముచేత, బండి వర్తకముచేత నుండుట యిందలి విశేషము.

లాభమునకు పూర్తిహక్కు లేనిచో పరీక్షలకు కోట్లు వెచ్చించువా రెవరని కొంద రాక్షేపింతురు. అందు సత్యము లేకపోలేదు. టొరంటో సంఘమును తొలియేడు ఒక అమెరికా కంపెనీకే ప్రత్యేకావకాశ మిచ్చెను. కాని ఆ యవకాశమునకు గడువుండెను, దేశపరిమితి యుండెను. గడువులేని హక్కే గుదిబండ.

మన తెలుగునాట నీ ప్రసంగ మేల యందురా? హైదరాబాదు కంపెనీలు చేసిన ఎయిడ్సు మందులు ఆఫ్రికా పల్లెలకు చేరినవి. మందులపై వస్తుహక్కు నీయని 1970 నాటి మన శాసనమే యందుకు మూలము. 2005 నుండి ఆ వస్తుహక్కు మన దేశమునను అమలులోనికి వచ్చినది. కావున ఇకమీద మన పిల్లలు అనుజ్ఞాపత్రమును చదువ నేర్వక తప్పదు. విశాఖపట్టణమున గాని వరంగల్లున గాని ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు పిల్లలచేత వేయించిన చాలును: ఈ యుపాయ మెవరి కక్కరకు వచ్చును? ఈ హక్కు ఎవరి చేతిలో నుండును? ఈ పత్రమున పేదవాని కొక వాక్యమైన నున్నదా? సంతకమునకు ముందడిగిన ప్రశ్న, సంతకము తరువాతి నూరు సభలకంటె మేలని మా నమ్మకము.