మధుమేహమునకు గుండెకు గల చుట్టరికము

ప్రపంచములో 20 నుండి 79 సంవత్సరముల వయస్సు గలవారిలో దాదాపు 58 కోట్ల 90 లక్షలమంది 2024 నాటికి మధుమేహముతో జీవించుచున్నారని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా వేసినది. ఇదే సమాఖ్య 2000 సంవత్సరమునకు వేసిన అంచనా 15 కోట్ల 10 లక్షలు మాత్రమే. ఒక తరము గడువక మునుపే ఈ సంఖ్య నాలుగు రెట్లకు చేరువైనది. ఈ వ్యాధిగ్రస్తుల మరణములకు మొదటి కారణమేది? రక్తములో చక్కెర పెరిగి స్పృహ తప్పుట కాదు. గుండెపోటు, పక్షవాతము మొదలైన రక్తనాళ వ్యాధులే.

పేరులోనే తేనె గల వ్యాధి, మూత్రములో తీపిగా బయటపడు వ్యాధి, చివరకు గుండెను పట్టుట యెట్లు? రెండువేల యేండ్లుగా వైద్యులెరిగిన ఈ జబ్బునకు గుండెతో గల చుట్టరికము 20వ శతాబ్దము వరకు ఎందుకు తేటపడలేదు? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ వ్యాధి చరిత్రలోనే యున్నది.

చీమలు చెప్పిన సాక్ష్యము

రోగి మూత్రము తేనెవలె తియ్యగా నుండుననియు, దానికి చీమలు పట్టుననియు మన ప్రాచీన వైద్యులు గమనించిరి. సుశ్రుత సంహిత ప్రమేహమును రెండు విధములుగా విభజించినది. ఒకటి పుట్టుకతో వచ్చునది; ఈ రోగి కృశించి యుండును. రెండవది అపథ్యము వలన వచ్చునది. ఈ రోగి స్థూలకాయుడు, తిండియందును నిద్రయందును ఆసక్తి గలవాడు. నేటి రెండు రకముల మధుమేహములును ఇవియే అని చెప్పుట తొందరపాటగును గాని, రోగులు ఒకే తీరున ఉండరన్న పరిశీలన మాత్రము మెచ్చదగినది.

క్రీస్తు శకము 2వ శతాబ్దమున కప్పడోషియాకు చెందిన అరిటీయస్ అను గ్రీకు వైద్యుడు ఈ వ్యాధిని చక్కగా వర్ణించెను. త్రాగిన నీరు దేహములో నిలువక గొట్టము గుండ జారిపోయినట్లు పోవుటచే దీనికి 'డయాబెటిస్' అను పేరు కలిగినది. 17వ శతాబ్దమున ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ మూత్రపు తీపిని గురించి వ్రాసెను. 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ప్రకటించిన ప్రయోగము ఇంకను ముఖ్యమైనది. అతడు రోగి మూత్రమును ఇగురబెట్టి, మిగిలిన పదార్థము చక్కెర వంటిదని చూపెను. రోగి రక్తరసము కూడ తియ్యగా నున్నదని గమనించెను. అనగా ఈ చక్కెర మూత్రపిండములలో పుట్టినది కాదు, రక్తమునుండి వచ్చినది.

నాటినుండి వైద్యుల దృష్టి అంతయు చక్కెరపై నిలిచెను. 20వ శతాబ్దారంభమున బెనెడిక్ట్ ద్రావణము వాడుకలోనికి వచ్చినది. నీలిరంగు ద్రావణములో కొన్ని మూత్రపు చుక్కలు కలిపి వేడిచేయగా, చక్కెర యున్నచో ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు రంగులు వరుసగా దాని పాళ్లను తెలుపును. కంటికి కనబడునది చక్కెర; కొలువ గలిగినది చక్కెర; కావున వ్యాధి యనిన చక్కెరయే అని తలచుట సహజము.

ఇన్సులిన్ తెచ్చిన మార్పు

వ్యాధి మూలము క్లోమములో కలదని 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరమున మింకౌస్కీ, వాన్ మేరింగ్ అనువారు నిరూపించిరి. వారు ఒక కుక్కకు క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చెను. అంతకు ఇరువది యేండ్ల పూర్వమే, 1869లో, లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి క్లోమములో చిన్న దీవులవలె నున్న కణముల గుంపులను సూక్ష్మదర్శినితో చూచి యుండెను. వాటి పని యేమో అతనికి తెలియదు. అవి స్రవించు రసమునకే పిమ్మట ఇన్సులిన్ అని పేరు వచ్చెను.

1921 వేసవిలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున, మక్లియాడ్ ప్రయోగశాలలో, బాంటింగ్, బెస్ట్ అను యువకులు క్లోమమునుండి ఈ రసమును తీయుటకు పూనుకొనిరి. దానిని శుద్ధి చేయుటలో కాలిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తోడ్పడెను. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని ఇచ్చిరి. మొదటి సూది అంతగా పనిచేయలేదు. పది పండ్రెండు దినముల తరువాత, మరింత శుద్ధమైన రసమును ఇచ్చినప్పుడు రక్తములోని చక్కెర చక్కగా తగ్గెను. అంతవరకు ఇట్టి పిల్లలకు వైద్యము దాదాపు ఉపవాసమే. ఆయుర్దాయము కొద్ది నెలలు, లేక ఒకటి రెండు సంవత్సరములు. 1923లో బాంటింగ్, మక్లియాడ్ గార్లకు నోబెల్ బహుమతి లభించినది.

వ్యాధి జయింపబడినదని లోకము సంతోషించెను. ఆ సంతోషము వెనుకనే మరియొక సత్యము బయటపడెను. అమెరికాలోని బోస్టన్ నగరమున ఎలియట్ జోస్లిన్ అను వైద్యుడు 19వ శతాబ్దపు చివరినుండియు తన రోగులందరి వివరములను శ్రద్ధగా వ్రాసి యుంచెను. ఇన్సులిన్ రాకకు పూర్వము అతని రోగుల మరణములలో సగముకంటె ఎక్కువ స్పృహ తప్పి సంభవించినవే. ఇన్సులిన్ వచ్చిన తరువాత అట్టి మరణములు అరుదయ్యెను. కాని 1950 ప్రాంతమునాటికి మరణములలో మూడింట రెండు వంతులకు పైగా గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే కలుగుచుండెను.

దీని భావమేమి? ఇన్సులిన్ గుండెను చెరచినదని కాదు. పూర్వము పిన్నవయస్సున వ్యాధి వచ్చినవారికి రక్తనాళములు చెడునంత కాలము బ్రతికి యుండు అవకాశమే లేదు. ఇన్సులిన్ వారికి ఇరువది, ముప్పది యేండ్ల జీవితమును ప్రసాదించినది. ఆ కాలములో నిదానముగా సాగు నష్టము కంటిలోను, మూత్రపిండములలోను, గుండెలోను కనబడసాగెను. త్వరగా చంపు వ్యాధిని మందు అడ్డగింపగా, మెల్లగా చంపు వ్యాధి వెలుగులోనికి వచ్చినది.

లోపించిన ఇన్సులిన్, లోబడని దేహము

1936లో లండన్ వైద్యుడు హేరాల్డ్ హిమ్స్‌వర్త్ రోగులకు గ్లూకోజును, ఇన్సులిన్‌ను కలిపి యిచ్చి, కొందరిలో ఇన్సులిన్ బాగుగా పనిచేయుననియు, మరికొందరిలో అంతగా పనిచేయదనియు చూపెను. 1960లో న్యూయార్క్ శాస్త్రజ్ఞులు రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ గార్లు రేడియోధార్మిక పదార్థముల సాయముతో రక్తములోని ఇన్సులిన్‌ను కొలిచిరి. పెద్ద వయస్సులో మధుమేహము వచ్చిన పలువురి రక్తములో ఇన్సులిన్ తక్కువగా లేదు సరికదా, తక్కినవారికంటె ఎక్కువగానే యుండెను! ఇన్సులిన్ ఉన్నను దేహకణములు దానికి లోబడుట లేదు. నేడు ప్రపంచములోని మధుమేహ రోగులలో నూటికి 90 మందికి పైగా ఈ రెండవ రకమువారే.

ఇట్టి దేహములో చెడునది చక్కెర ఒక్కటే కాదు. కాలేయము కొవ్వును అధికముగా రక్తములోనికి వదలును. మేలుచేయు కొలెస్టరాల్ తగ్గును. రక్తపు పోటు పెరుగును. రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చును. ఎక్కువైన గ్లూకోజు దేహములోని మాంసకృత్తులకు అంటుకొని వాటి తీరును మార్చును. ఇవి యన్నియు కలిసి ధమనుల లోపొరను దెబ్బతీయగా, అచట కొవ్వు పేరుకొని దారి ఇరుకగును. అది గుండెకు రక్తమునందించు ధమని యైనచో గుండెపోటు, మెదడుకు పోవునదైనచో పక్షవాతము. నరములు కూడ చెడుటచే కొందరు రోగులకు గుండెపోటు వచ్చినను నొప్పి తెలియదు. ఇది మరింత ప్రమాదము. ఈ లక్షణములు ఒకే గుంపుగా వచ్చునని, వీటికి మూలము ఇన్సులిన్‌కు దేహము లోబడకపోవుటయే అని 1988లో జెరాల్డ్ రీవెన్ ప్రతిపాదించెను.

ఫ్రామింగ్‌హామ్ లెక్కలు

వైద్యుని అనుభవము ఒక యెత్తు. ఆరోగ్యవంతులను కూడ కలిపి ఏండ్ల తరబడి గమనించుట మరియొక యెత్తు. బోస్టన్‌కు సమీపమున గల ఫ్రామింగ్‌హామ్ పట్టణములో 1948లో అట్టి పరిశీలన మొదలైనది. 5,209 మంది స్త్రీపురుషులను రెండేండ్లకొకసారి పరీక్షించుచు వచ్చిరి. ఇరువది యేండ్ల ఫలితములను 1979లో కానెల్, మెక్‌గీ గార్లు ప్రకటించిరి. మధుమేహము గలవారికి గుండె, రక్తనాళముల వ్యాధి రెండు మూడు రెట్లు అధికముగా వచ్చుచున్నది. నడివయస్సున స్త్రీలకు గుండెజబ్బు పురుషులకంటె తక్కువ. కాని మధుమేహము వచ్చిన స్త్రీ ఆ రక్షణను చాలవరకు కోల్పోవుచున్నది.

ద్వీపములు నేర్పిన పాఠము

వ్యాధి యిట్లు పెరుగుటకు కారణమేమి? చిన్న ద్వీపములు దీనికి చక్కని నిదర్శనములు. పసిఫిక్ సముద్రములోని నౌరు ద్వీపమున భాస్వరపు గనుల వలన ధనము వచ్చి, చేపలు పట్టుట, నడచుట తగ్గి, దిగుమతి ఆహారము పెరిగినది. 1970 దశకము మధ్యలో చూడగా అచటి పెద్దలలో దాదాపు మూడింట ఒక వంతు మందికి మధుమేహమున్నది.

హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమునకు 19వ శతాబ్దమున మన తీరమునుండి కూడ కూలీలు వలసపోయిరి. వారి సంతతి అచట నేటికిని తెలుగువారిగా గుర్తింపు పొందుచున్నది. 1987లో ఆ ద్వీపమున జరిపిన పరీక్షలలో పెద్దలలో నూటికి 10 నుండి 13 మందికి మధుమేహము కనబడెను. విశేషమేమనగా భారత సంతతివారు, చైనా సంతతివారు, ఆఫ్రికా మూలములు గల క్రియోలులు—అందరిలోను పాళ్లు దగ్గర దగ్గరగా నుండెను. జాతి ఏదైనను జీవన విధానము మారినప్పుడు వ్యాధి ప్రబలునని దీనివలన తెలిసెను.

ఆ ప్రభుత్వము వెంటనే ఒక పని చేసినది. చౌకగా అమ్ము వంటనూనెలో పామాయిలుకు బదులు సోయా నూనెను ప్రవేశపెట్టెను. ఆరోగ్య ప్రచారము కూడ సాగించెను. ఐదేండ్లలో, 1992 నాటికి, ప్రజల రక్తములో సగటు కొలెస్టరాల్ దాదాపు 15 శాతము తగ్గెను. కాని మధుమేహము తగ్గలేదు; స్థూలకాయము పెరిగెను. నూనెను మార్చుట సులభము. నడకను, శ్రమను తిరిగి తెచ్చుట కష్టము.

మన దేశపు స్థితి కూడ ఆలోచింపదగినదే. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహమున్నది. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపలో నిలిచి యున్నారు. భారతీయులలో పలువురు చూచుటకు సన్నముగా నున్నను పొట్టలో కొవ్వు అధికముగా నుండును. కావున "నేను లావుగా లేను గదా" అన్న ధైర్యము చాలదు.

చక్కెరను తగ్గించిన చాలునా?

గుండెను కాపాడుటకు చక్కెరను మాత్రము తగ్గించిన చాలునా అన్న ప్రశ్నకు సమాధానము చెప్పిన పరిశోధనలు మూడింటిని ఇచట పేర్కొందును. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితములు వెలువడిన పరిశోధనలో 5,102 మంది రోగులు పాల్గొనిరి. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవారిలో కన్ను, మూత్రపిండముల నష్టము తగ్గెను గాని, గుండెపోటు తగ్గినట్లు ఆనాడు నిశ్చయముగా చెప్పుటకు వీలుపడలేదు. అదే పరిశోధనలో రక్తపు పోటును తగ్గించుట వలన పక్షవాతము బాగుగా తగ్గెను. చక్కెర అదుపు వలన గుండెకు కలిగిన మేలు మరి పదేండ్ల తరువాత, 2008లో స్పష్టమయ్యెను. అదే 2008లో, అమెరికా, కెనడాలలో పదివేల మందిపై జరుగుచున్న మరియొక పరిశోధనలో చక్కెరను మిక్కిలి తీవ్రముగా తగ్గించిన వర్గములో మరణములు హెచ్చుటచే ఆ విధానమును నిలిపివేసిరి. డెన్మార్కులో 160 మందిపై జరిగిన చిన్న పరిశోధన దారి చూపెను. చక్కెర, రక్తపు పోటు, కొలెస్టరాల్ అన్నింటిని ఒకేసారి అదుపులో ఉంచగా గుండె, రక్తనాళ ప్రమాదములు సుమారు సగమునకు తగ్గినట్లు 2003లో తేలినది.

చరిత్ర ఇచట ఒక వింత మలుపు తిరిగినది. క్లోమమును తొలగించిన ఆ వాన్ మేరింగ్ గారే, ఆపిల్ చెట్టు వేరు బెరడులో నుండు ఫ్లోరిజిన్ అను పదార్థము మూత్రములో చక్కెరను పోవునట్లు చేయునని 1886లో చూపి యుండెను. నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట దాని పోలికలో నూతన ఔషధములు తయారైనవి. అట్టి ఔషధమును హృద్రోగము గల ఏడువేల మంది మధుమేహ రోగులపై పరీక్షింపగా, గుండె, రక్తనాళ వ్యాధుల మరణములు 38 శాతము తగ్గినట్లు 2015లో ప్రకటించిరి. ఒకనాడు రోగ చిహ్నమైన తీపి మూత్రమే నేడు చికిత్సలో భాగమైనది! చక్కెర తగ్గిన కొలది ప్రమాణముతో ఇంత మేలు కలుగుటను వివరింప వీలుకాదు. ఉప్పు, నీరు దేహమునుండి పోవుట వలనను, గుండెపై భారము తగ్గుట వలనను కూడ ఈ మేలు కలుగుచున్నదని తలచుచున్నారు.

ప్రయోగశాలలో బెనెడిక్ట్ పరీక్ష చేయించునప్పుడు ఉపాధ్యాయులు విద్యార్థులకు ఈ కథను కూడ చెప్పుట మంచిది. ఇటుక ఎరుపు రంగు ఒక సత్యమును చెప్పును. అది పూర్తి సత్యము కాదు. ఇంటిలో తల్లిదండ్రులకో, తాతకో, అమ్మమ్మకో మధుమేహమున్నచో చక్కెర ఎంత యని అడుగుటతో ఆగక, రక్తపు పోటు ఎంత, కొలెస్టరాల్ ఎంత, రోజుకు ఎంత దూరము నడచుచున్నారు, పొగాకు మానినారా అని పిల్లలు అడుగవలెను. నొప్పి లేకున్నను ఆయాసము, చెమటలు, నీరసము హఠాత్తుగా వచ్చినచో ఆలస్యము చేయక వైద్యాలయమునకు తీసికొని పోవలెను. ఈ చుట్టరికమును తెలిసికొనుటకు వైద్యశాస్త్రమునకు చాల కాలము పట్టినది. తెలిసిన మనము దానిని మరచుట తగదు.