కూచిపూడి మేళము - గొల్లకలాపము: ఒక తత్త్వగోష్ఠి చరిత్ర

విశ్వవిద్యాలయములందు తత్త్వశాస్త్రము చదువు విద్యార్థులు సంఘములుగా ఏర్పడి వ్యాసపఠనము, చర్చ, ఉపన్యాసము, విహారయాత్ర మున్నగు కార్యక్రమములు జరుపుకొనుట లోకమున పరిపాటియైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1878లో ఏర్పడిన మోరల్ సైన్సెస్ క్లబ్బు ఇట్టి సంఘములలో పేరెన్నిక గన్నది. ఒకరు వ్యాసము చదువుట, తక్కినవారు ఆక్షేపించుట, చదివినవారు సమాధానము చెప్పుట - ఇదియే అచటి పద్ధతి. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. పూర్వపక్షమును చక్కగా నిలిపి, పిదప దానిని ఖండించి, సిద్ధాంతమును స్థాపించుట మన శాస్త్రకారుల మార్గము. తత్త్వనిర్ణయమునకై చేయు చర్చను వాదమనియు, గెలుపునకై చేయుదానిని జల్పమనియు, స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటతోనే తృప్తి పడుదానిని వితండ యనియు న్యాయసూత్రములు విభజించినవి.

ఇట్టి గోష్ఠి తెలుగునాట విశ్వవిద్యాలయములకు పూర్వము ఎచట, ఏ రూపమున ఉండెను? సంస్కృత పాఠశాలలలోనని వెంటనే సమాధానము వచ్చును. అది నిజమే కాని సంపూర్ణము కాదు. పాఠశాలలోని చర్చ సంస్కృతమున జరిగెడిది. దానిని విని గ్రహింపగలవారు కొందరే. కృష్ణామండలమున మొవ్వకు సమీపముననున్న కూచిపూడివారు తత్త్వచర్చను తెలుగున, ఆరుబయట, పలు వర్ణములవారు కూర్చుండి వినుచుండగా నడపిరి. ఆ చర్చకు పేరు గొల్లకలాపము. దానిని నడపిన సంఘమునకు పేరు మేళము. మేళమును ఒక తత్త్వగోష్ఠిగా పరిశీలించి, దాని విద్యావ్యాపారమును, సాంఘికవ్యాపారమును, ఆ రెంటికి నడుమ ఏర్పడిన వైరుధ్యమును వివరించుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

మొదట సంఘస్వరూపమును తెలిసికొందము. కూచిపూడి భాగవతులకు మూలపురుషుడు సిద్ధేంద్రయోగి యని సంప్రదాయము. గోలకొండ ప్రభువగు అబుల్ హసన్ కుతుబ్ షా (1672-1687) వీరి ఆటను మెచ్చి గ్రామమును అగ్రహారముగా నొసగెనని పెద్దలు చెప్పుదురు. ఆ గ్రామము భాగవతుల కుటుంబముల నడుమ పంచబడినట్లు 1763 నాటి భాగపత్రము తెలుపుచున్నది. వేదాంతము, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్లు ఈ విద్యతో పెనవైచుకొన్నవి. ఈ కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము ధరింపవలెనని సిద్ధేంద్రుడు మాట పుచ్చుకొన్నాడని ఐతిహ్యము. అనగా ఈ సంఘమున సభ్యత్వము పుట్టుకతో వచ్చును, ప్రవేశపరీక్ష వేషధారణము.

మేళములో చదువు బాల్యముననే ఆరంభమగును. అడుగులు, జతులు, తాళజ్ఞానము, శ్లోకపఠనము, దరువుల గానము, అభినయము ఒకదానితో నొకటి కలసి సాగును. కూచిపూడి నటుడు మూగగా ఆడువాడు కాడు. అతడు పాడవలెను, వచనము చెప్పవలెను, ఎదుటిపాత్ర వేసిన ప్రశ్నకు తడబడక సమాధానమీయవలెను. కలాపములలో సూత్రధారుడు కేవలము నాందీప్రస్తావనలతో తొలగిపోడు. భామాకలాపమున అతడే మాధవి యై సత్యభామను ప్రశ్నించి, ఆక్షేపించి, ఆమె మనస్సును బయటపెట్టించును. ఈ ప్రశ్నోత్తరరూపమే మేళమును నాట్యబృందముమాత్రముగా గాక గోష్ఠిగా చూచుటకు మనకు ఆధారము.

సంఘపు సాంఘికవ్యాపారము దేశసంచారము. మేళమువారు ఊరూర తిరిగి, గుడిముందరనో నడివీథినో ఆటకట్టెడివారు. తెర పట్టి, దివిటీలపై గుగ్గిలపు పొడి చల్లి మంట లేవగా పాత్రను ప్రవేశపెట్టెడివారు. ఆట రాత్రి యెల్ల సాగెడిది. పొలము పనివారును, అంగడివారును, పండితులును ఆ వెలుగులోనే ఒకే మాట వినిరి. నేటి విద్యార్థి సంఘములు ప్రజలకై యేర్పాటు చేయు ఉపన్యాసములకు ఇంత విస్తృతమైన సభ అరుదుగా లభించును.

గొల్లకలాపమునకు కర్తగా భాగవతుల రామయ్య ప్రసిద్ధుడు. ఇందు కథ అల్పము. చల్లలమ్ముకొను గొల్లభామకును ఒక బ్రాహ్మణునకును సంవాదము. బ్రాహ్మణుడు ఆమె జాతిని ఎత్తి తక్కువచేయును. ఆమె వెనుదీయక బ్రాహ్మణ్యమన నేమని అడుగును. సంవాదము పిండోత్పత్తిక్రమమునకును, యజ్ఞార్థవివరణమునకును విస్తరించును. జీవుడు గర్భమున ఎట్లు రూపు దాల్చునో చదువుకొన్నవానికి చల్లలమ్ముకొను స్త్రీ బోధించును.

పిండోత్పత్తివర్ణనము కథకు సంబంధింపని పాండిత్యప్రదర్శనమని కొందరు తలంపవచ్చును. నాకు అట్లు తోపదు. వాదక్రమమున అది హేతుస్థానమున నిలిచినది. జన్మమాత్రముచే ఒకడు అధికుడు కాడనుట ప్రతిజ్ఞ. సర్వదేహములకును ఉత్పత్తిక్రమమొక్కటియే యగుట హేతువు. కావున శ్రేష్ఠత్వము జ్ఞానముననో ఆచరణముననో వెదకవలసినదే కాని పుట్టుకలో కాదనుట నిగమనము. గర్భమునందలి పెరుగుదలను మాసక్రమమున వర్ణించునది గర్భోపనిషత్తు. బ్రాహ్మణుడెవడు, జీవుడా, దేహమా, జాతియా, జ్ఞానమా, కర్మమా యని వరుసగా ప్రశ్నించునది వజ్రసూచికోపనిషత్తు. ఆ రెండు విచారములును ఇచట ఒక గొల్లెత నోట తెలుగున కలసినవి. ఇచట బ్రాహ్మణుడు హాస్యపాత్రమాత్రము కాడు. అతని ఆక్షేపము లేనిదే ఆమె సిద్ధాంతమునకు అవకాశము లేదు. పూర్వపక్షమునకు ఆ పాటి స్థానమిచ్చుట వాదలక్షణము.

ఇంతవరకు సంఘపు గుణములు చెప్పితిని. గొల్లకలాపమును తరగతిలో బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, "ఇంతటి మాట చెప్పిన గొల్లభామ వేషమును గొల్లవారి ఆడుబిడ్డ ఎన్నడైన కట్టినదా?" యని నన్నడిగెను. నా యొద్ద వెంటనే చెప్పదగిన సమాధానము లేకపోయెను. సమాధానము తెలియక కాదు; తెలిసియు ఆ దిక్కునకు నేను చూడకుండుటచేత. పాతమేళమున ఆ వేషమును కట్టినవాడు బ్రాహ్మణయువకుడు. అతనికి ఆ అర్హత జన్మముచేతనే వచ్చినది. జన్మము అర్హత కాదను వాదమును జన్మముచే అర్హులైనవారే తరతరములుగా వినిపించిరి. స్త్రీకి ఆ సంఘమున మాట కలదు, చోటు లేదు.

ఈ దోషము కూచిపూడి కొక్కదానికే చెందినది కాదు. అనతిదూరముననున్న మచిలీపట్టణమున, 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాలనుండి పెరిగిన కళాశాలలో, పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అధ్యాపకులుగా నుండిరి. బ్రహ్మసమాజ నిష్ఠగల ఆ మహనీయులు శీలశుద్ధిని, మద్యవర్జనమును, భోగముమేళముల బహిష్కరణమును యువకులకు ఉపదేశించిరి. భోగముమేళములకు ఆదరణమీయవద్దని మద్రాసు సంస్కర్తలు ప్రభుత్వమునకు 1893లో విన్నపము పంపుకొనిరి. ఆ ఉద్యమమునకు మూలము నిజమైన అన్యాయముపై కలిగిన నిజమైన ఆగ్రహమే. అయినను ఆడి పాడు స్త్రీల విషయమై విద్యావంతులగు పురుషులు తీర్మానించిరి. ఆ తీర్మానములలో ఆ స్త్రీల మాట వినబడినది స్వల్పము. ఒకే మండలమున ఒక సంఘము స్త్రీ మాటను పురుషుని నోట పలికించెను. మరియొకటి స్త్రీ ఆటను చూడనని వ్రతము పట్టెను. రెంటియందును ఆమె చర్చావిషయమే కాని చర్చలో సభ్యురాలు కాదు.

ఇరువదవ శతాబ్దిలో కూచిపూడి తలుపు తెరువబడినది. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు విద్య నేర్పిరి. చింతా కృష్ణమూర్తిగారు వేంకటరామ నాట్యమండలిని నడపుచు గ్రామసంప్రదాయమును నిలిపిరి. బందా కనకలింగేశ్వరరావుగారి పూనికతో గ్రామమున సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమి హైదరాబాదున జరిపిన గోష్ఠిలో కూచిపూడి శాస్త్రీయతను పండితులు ప్రతిపాదించిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమిని నెలకొల్పిరి. యామినీ కృష్ణమూర్తి, శోభానాయుడు వంటి నర్తకీమణులు ఈ విద్యను దేశాంతరములకు కొనిపోయిరి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయము పిదప కూచిపూడి కళాపీఠమును తన యధీనమునకు తెచ్చుకొనగా, మేళపు విద్యకు విశ్వవిద్యాలయముద్ర పడినది. గొల్లభామ ప్రతిజ్ఞను ఒక విధముగా చరిత్రయే అంగీకరించినది.

కాని తలుపు తెరచిన కాలముననే లోపలి చర్చ సన్నగిల్లినది. పట్టణరంగస్థలములకు కావలసినది గంటకో రెండు గంటలకో ముగియు ప్రదర్శనము. తరంగము, శబ్దము, ప్రవేశదరువు వంటి ఏకపాత్రాంశములు అందుకు అనుకూలించినవి. భామాకలాపము సంక్షిప్తమై నిలిచినది. గొల్లకలాపము పూర్ణరూపమున ఆడబడుట అరుదైపోయినది. తెలుగు తెలియని సభలలో ప్రశ్నోత్తరములు భారముగా తోచుట సహజము. నర్తకులను నిందింప బనిలేదు. అయినను ఫలితమిది: స్త్రీకి చోటు లభించునప్పటికి ఆమె చెప్పవలసిన వాదము రంగమునుండి తప్పుకొన్నది. నాడు మాట యుండి చోటు లేదు. నేడు చోటుండి మాట కొరవడినది.

ఈ విషయము తెలుగు శాఖలవారికిని, తత్త్వశాస్త్ర శాఖలవారికిని సమానముగా సంబంధించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలోనే ఆరంభమయ్యెను. దానికి 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వవేత్తలు. 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినది. మేళము తిరిగిన నేలపైననే విశ్వవిద్యాలయములు వెలసియుండగా, మన విద్యార్థులు వాదమును గూర్చి ఉదాహరణము వెదకుటకు కేంబ్రిడ్జివరకు పోవలసిన యవసరము లేదు. గొల్లకలాపము ప్రతులను సరిపోల్చి పరిష్కరించుట, వృద్ధకళాకారులకు కంఠస్థమైన వచనభాగములను ధ్వనిముద్రణము చేయుట, రాత్రి కలాపమాడించి మరునాటి యుదయమున దానిపై పూర్వపక్షసిద్ధాంతములతో గోష్ఠి జరుపుట - ఇవి విద్యార్థిసంఘములు చేయగల పనులు. అట్టి గోష్ఠిలో గొల్లభామ పక్షమును ఏ కులపు బిడ్డయైనను, స్త్రీయైనను పురుషుడైనను, తన నోట తాను వినిపింపగలుగును. నన్ను ప్రశ్నించిన విద్యార్థినికి నేనీయదగిన సమాధానము అదియే.