సంతకము లేని సొమ్ము



మన పల్లెలలో అప్పు పుచ్చుకొన్నవాడు నోటు వ్రాసి, సంతకమో వ్రేలిముద్రయో వేసెడివాడు. సాక్షులు చేవ్రాళ్లు చేసెడివారు. తగవు వచ్చినచో ఆ కాగితమే తీర్పు చెప్పెడిది. యంత్రము ద్వారమున సొమ్ము చేతులు మారునపుడు కాగితము లేదు, సాక్షియు లేడు. అట్టి సొమ్మును పరుడపహరించినచో నష్టమెవ్వరిది? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములవారు చెప్పుకొన్న సమాధానమును మీకు విన్నవింపదలచితిని.

1969లో న్యూయార్కు రాష్ట్రమునందలి రాక్‌విల్ సెంటరున ఒక బ్యాంకు సొమ్మిచ్చు యంత్రమును నెలకొల్పెను. అట్టి యంత్రములు పెరిగినకొలది తగవులును పెరిగెను. 1978 నవంబరు 10వ తేదీన అధ్యక్షుడు కార్టరు ఎలక్ట్రానిక్ నిధుల బదిలీ శాసనముపై సంతకము చేసెను. దానికి నియమములు వ్రాయు పని ఫెడరల్ రిజర్వు బోర్డు వహించెను. 2011లో ఆ యధికారము చాలవరకు వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరోకు సంక్రమించెను.

ఆ నియమములు సులభములు. కార్డు పోయినదని తెలిసిన 2 పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో ఖాతాదారుని నష్టము 50 డాలర్లకు మించదు. ఆలస్యమైనచో 500 డాలర్ల వరకు పోవచ్చును. లెక్కపత్రము పంపిన 60 దినములలో తప్పును తెలుపనిచో అటుపిమ్మటి నష్టమునకు మితి లేదు. బ్యాంకు 10 పనిదినములలో విచారణ ముగింపవలెను. లేనిచో సొమ్మును తాత్కాలికముగ ఖాతాలో జమకట్టి, సాధారణముగ 45 దినముల వరకు విచారింపవచ్చును. ఖాతాదారుని యనుమతితోనే సొమ్ము పోయెనని రుజువు చేయు భారము బ్యాంకుదే.

అయితే ఆ దేశమున రాష్ట్రములకును శాసనాధికారము కలదు. రెండు శాసనములు విరోధించినపుడు ఏది నిలుచును? ఖాతాదారునకు అధిక రక్షణ నొసగునదే నిలుచునని 1978 శాసనమే నిర్ణయించెను. మిచిగన్ రాష్ట్ర శాసనము ఖాతాదారుని అజాగ్రత్తను బట్టి నష్టమును వానిపై మోపెను. ఆ భాగము చెల్లదని బోర్డు తేల్చెను. మసాచుసెట్స్ రాష్ట్రము 50 డాలర్లనే పైమితిగ నుంచెను, అది నిలిచినది. కావున బ్యాంకు ఉద్యోగి రెండు శాసనములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ప్రతి ఫిర్యాదునకు దినములు లెక్కించి, ఖాతాదారునకు మేలైన దానినే పాటింపవలసియున్నది.

ఈ విషయము మనకును దూరము కాదు. అమెరికాలోని తెలుగు బిడ్డలు ఇంటికి సొమ్ము పంపుదురు. 2013 అక్టోబరు 28 నుండి అమలైన నియమముల ప్రకారము సొమ్ము పంపు సంస్థ రుసుమును, మారకపు ధరను, ఇచ్చట చేరు మొత్తమును ముందే తెలుపవలెను. సొమ్ము ఇచ్చట చేరకమునుపు, చెల్లించిన 30 నిమిషములలో పంపినవారు రద్దు చేసికొనవచ్చును.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చినది ఒక్కటి. ఆ శాసనము పోగొట్టుకొన్నవానిని ‘ఏల పోగొట్టుకొంటివి?’ అని నిలదీయదు, ‘ఎప్పుడు చెప్పితివి?’ అని మాత్రమే యడుగును. మోసపోయినవాడు సిగ్గుచే నోరు మూసికొనుటయే దొంగకు బలము. వెంటనే చెప్పుటకు ధైర్యమిచ్చు శాసనమే బీదవాని సొమ్మునకు నిజమైన కావలి.