రంగం పోయినోళ్ళు: మాంద్యం, యుద్ధం, మనోళ్ళ లెక్క

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా పాతతరం నోట 'రంగం' అనే మాట వినపడేది. రంగం అంటే రంగూన్. కరువొస్తే రంగం, అప్పు పెరిగితే రంగం, కామందు మీద కోపమొస్తే రంగం. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆ ఊరు లేదు. 1929 ఆర్థిక మాంద్యం అనగానే న్యూయార్కు షేర్ మార్కెట్టు, రెండో ప్రపంచ యుద్ధం అనగానే హిట్లరు, పెర్ల్ హార్బరు. ఆ రెండు దెబ్బలూ నేరుగా వీపున పడ్డ తెలుగు కూలీ ఏమయ్యాడని అడిగినవాళ్ళు తక్కువ. మేం ఇక్కడ అడుగుతున్నది అదే.

ముందు వాళ్ళు అక్కడికి ఎందుకు పోయారో చూడాలి. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరావతి డెల్టా అడవి కొట్టి వరిపొలం చేశారు. సాగుకి బర్మా రైతు, పెట్టుబడికి తమిళదేశపు చెట్టియార్లు, మూటలు మొయ్యటానికి మన కూలీలు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కినోళ్ళని అక్కడ 'కోరంగీలు' అన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే జాతి పేరైపోయింది.

ఈ ఒక్క పేరు కింద చాలా కులాలు కలిసిపోయాయి. పోయినోళ్ళంతా దళితులేనని మేం అనటం లేదు. శూద్ర కులాల పేదలు కూడా పెద్ద సంఖ్యలోనే పోయారు. అయితే సముద్రం దాటితే కులం పోతుందని అగ్రకులాలు భయపడితే, మనోళ్ళ కులం మాత్రం వాళ్ళతోపాటే ఓడెక్కింది. రేవులో మూటలు, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగటం తెలుగు కూలీలకి దక్కితే, రంగూన్ వీధులూ పాయిఖానాలూ ఊడ్చే పని వాళ్ళలోని అంటరానివాళ్ళకి దక్కింది. పైన మేస్త్రీ ఉన్నాడు. ఓడఛార్జీకి అడ్వాన్సు ఇచ్చేదీ వాడే, పని చూపించేదీ వాడే, కూలిలో కోత కోసేదీ వాడే. ఊళ్ళో కామందు అప్పు తప్పించుకున్నవాడు రంగంలో మేస్త్రీ అప్పులో పడ్డాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు. 4 లక్షల జనమున్న రంగూన్‌లో సగం కంటే ఎక్కువ వాళ్ళే.

ఇక మాంద్యం. ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. బతుకంతా ఒక్క పంట మీద, ఆ పంట ధర పరాయి మార్కెట్ల మీద. 1930, 31 సంవత్సరాల్లో వడ్ల ధర సగానికి సగం పడిపోయింది. ధర పడింది గానీ అప్పు పడలేదు, వడ్డీ పడలేదు. నిరుడు ఒక గంప ధాన్యంతో తీరే బాకీకి ఇప్పుడు రెండు గంపలు కావాలి. అది తీర్చలేక బర్మా రైతు భూమి వదులుకున్నాడు. వరి పండే 13 ముఖ్య జిల్లాల్లో 1930లో 6 శాతం భూమి చెట్టియార్ల చేతిలో ఉంటే, 1938 నాటికి అది 25 శాతమయింది. 1930 డిసెంబరులో తారావడి జిల్లాలో సయా సాన్ నాయకత్వాన రైతులు తిరగబడ్డారు. సర్కారు సైన్యాన్ని దింపి అణిచింది, 1931లో సయా సాన్‌ని ఉరితీసింది.

భూమి పోయిన బర్మా రైతు పనికోసం రంగూన్ వస్తే అక్కడ పని తెలుగు కూలీ చేతిలో ఉంది. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడసరుకు కంట్రాక్టర్లు సమ్మె విరగ్గొట్టటానికి బర్మా వాళ్ళని పనిలోకి దించారు. రాజీ కుదరగానే వాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలయింది. అధికార లెక్కల ప్రకారమే వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మన కూలీలే. కూలి పెంచాల్సిన కంట్రాక్టరు మీద పడాల్సిన కోపం కూలీ మీద పడింది. బర్మా రైతు కోపం అబద్ధం కాదు. కాని అతని భూమి తీసుకున్నది మూటలు మోసేవాడు కాదు గదా!

అదే కాలంలో కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు శిస్తు పెంపు మీద చేసిన ఆందోళన చరిత్రకెక్కింది. రంగం రేవులో పడ్డ శవాలు ఎక్కలేదు.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. రేవు దగ్గరా బజార్లలోనూ ఉన్న జనమే ఎక్కువ చచ్చారు. కూలీలూ, ఊడ్చేవాళ్ళూ ఊరు విడిచిపోతే రేవు ఆగింది, వీధుల్లో చెత్త కుప్పలు పడింది. అంటరానివాడు లేకపోతే పట్నం ఒక్క వారం బతకలేదని సర్కారుకి అప్పుడు తెలిసింది. ప్రోము దారి పట్టినవాళ్ళలో చాలామందిని నచ్చజెప్పి వెనక్కి మళ్ళించారు. ఓడ టిక్కెట్టు డబ్బున్నోళ్ళకి దొరికింది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయే నాటికి మిగిలినోళ్ళకి నడకే దిక్కు. తౌంగుప్ కనుమ మీదుగా, తాము మీదుగా ఇంఫాలుకి, హుకాంగ్ లోయగుండా అస్సాముకి 4 లక్షలకి పైగా జనం నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో వేలకి వేలు పోయారు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి పెట్టారని అప్పుడే గగ్గోలు పుట్టింది. నల్లవాళ్ళలోనూ సేటుకి ఒక దారి, పాకీపని చేసేవాడికి ఒక దారి ఉందని ఆ గగ్గోలు పెట్టినవాళ్ళు చెప్పలేదు.

బర్మా బియ్యం ఆగిపోవటం 1943 బెంగాలు కరువుకి ఒక కారణమయింది. అందులో సుమారు 30 లక్షలమంది చనిపోయారు. స్వతంత్రం వచ్చాక 1948లో బర్మా భూముల జాతీయీకరణ చట్టం చేసింది. చెట్టియార్ల నష్టం కోట్ల రూపాయల్లో లెక్కకొచ్చింది, పరిహారం మీద ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు నడిచాయి. మరి కూలీ నష్టానికి లెక్కెక్కడ? మేస్త్రీ కోసిన కూలి, రేవులో పోయిన ప్రాణం, అడవిలో వదిలేసిన బిడ్డ, వీటికి దస్తావేజు లేదు. దస్తావేజు లేనివాడికి చరిత్ర లేదన్నారు. 1960లలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక మరో విడత జనం తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ రాకకి గుర్తు.

జాతీయ చరిత్ర దీన్ని 'బర్మాలో భారతీయుల కష్టాలు' అంటుంది. ఆ ఒక్క మాటలో వడ్డీ తిన్నవాడూ, మూట మోసినవాడూ, వీధి ఊడ్చినవాడూ ఒక్కటైపోతారు. నష్టం చెప్పాల్సొచ్చినప్పుడు మనల్ని లెక్కలో కలుపుకుంటారు, పరిహారం దగ్గర విడదీస్తారు. దళిత చరిత్ర చేయాల్సింది ఆ మాటని విప్పి చూపించటం. మాంద్యమూ యుద్ధమూ అందరి మీదా ఒకేలా పడవు. ఎవరి అప్పు ఎవరికి భూమి అయింది, ఎవరి చావు ఎవరికి లెక్కలోకి రాలేదు అని అడిగితేనే వాటి కారణాలు తెలుస్తాయి.

నడిచొచ్చిన తరం దాదాపు పోయింది. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు పేటల్లో ఉన్నారు. మీ ఊళ్ళో రంగం పోయినోళ్ళెవరు, ఏ మేస్త్రీ తీసుకెళ్ళాడు, అక్కడ ఏ పని చేశారు, తిరిగొచ్చింది ఎంతమంది అని విద్యార్థులు, ఉపాధ్యాయులు అడిగి రాసుకోవాలి. కులం పేరుతో సహా రాసుకోవాలి. 'కోరంగీ' అన్న మాట కింద అది ఒకసారి మాయమయింది. మళ్ళీ మాయం కానివ్వకూడదు.