అశ్వపాద ధావళ్యము - రజక విద్య

మహాసభకు విచ్చేసిన సోదరులు ఈ శీర్షికను జూచి, రజక సంఘమువారి సంచికలో గుఱ్ఱముల ప్రసంగ మేల యని యడుగవచ్చును. మన కులచరిత్రను వ్రాయువారు తఱచుగా పురాణములలో మూలపురుషుని వెదకుదురు. మేమా త్రోవఁ బోక, చేతిపని వెంట నడువఁ దలఁచితిమి. అట్లు నడువఁగా ఆ పని మమ్ము చాకిరేవునుండి గుఱ్ఱపుశాలకుఁ గొనిపోయినది. మైలను వదల్చి తెలుపును నిలుపు విద్య బట్టతో నాఁగలేదు.

గుఱ్ఱపుఁ గాళ్ల తెలుపునకు మనదేశమున గౌరవము ప్రాచీనము. నాలుగు పాదములును ముఖమును తెల్లనైన గుఱ్ఱమును పంచకల్యాణి యందురు. ఱొమ్ము, జూలు, తోక మున్నగునవి కూడ తెల్లనైనచో అష్టమంగళమని మఱింత శ్లాఘింతురు. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను వెలసిన సంస్కృత గ్రంథము లీ లక్షణములను వివరించుచున్నవి. తెలుఁగున మనుమంచి భట్టు ఇందుకై హయలక్షణ విలాసమను కావ్యమునే రచించెను. రాజస్థానపు మార్వారీ గుఱ్ఱముల బేరములలో పంచకల్యాణికి నేఁటికిని మన్నన తగ్గలేదు. శుభాశుభముల మాట యెట్లున్నను, ఎచ్చట తెలుపునకు వెల గలదో అచ్చట తెల్లఁజేయువాని చేతికిఁ బని గలదు.

ఈ తెలుపు ఎట్లు గలుగును? నేఁటి జీవశాస్త్రము దీనికి స్పష్టమైన సమాధానము నిచ్చుచున్నది. పిండదశలో రంగునిచ్చు కణములు వెన్నువైపునఁ బుట్టి, అచ్చటినుండి దేహమెల్ల వ్యాపించును. అవి చేరవలసిన దూరపుఁ దావులు పాదములును ముఖమును. అచ్చటికిఁ జేరకున్నను, చేరి నిలువకున్నను, ఆ చోట రోమము తెల్లగాను, క్రింది చర్మము గులాబి వన్నెగాను ఉండును. కావున ఈ తెలుపు పూసినది గాదు, రంగు చేరమి వలనఁ గలిగినది. అయినను పేడయందును మూత్రమునందును నిత్యము మెలఁగునవి కాళ్లే గదా! పుట్టుకతో వచ్చిన తెలుపు పసుపువాఱి చెడుట కొక్క రాత్రి చాలును.

గుఱ్ఱపుఁ బ్రదర్శనములకుఁ బేరొందిన బ్రిటనులో ఈ చిక్కు మిక్కుటము. బరువుబండ్ల నీడ్చు క్లైడ్స్‌డేల్ జాతికి 1877లో సంఘ మేర్పడెను. షైర్ జాతికి 1878లో ఆంగ్ల బండిగుఱ్ఱముల సంఘమను పేర నొక సంఘము వెలసి, 1884లో షైర్ అశ్వసంఘమని పేరు మార్చుకొనెను. ఈ రెండు జాతులకును మోఁకాలి దిగువనుండి గిట్టల మీఁదికి జాఱు దట్టమైన పొడుగు రోమము గలదు. అది తెల్లగా, పట్టుకుచ్చువలె విచ్చుకొని యున్నఁగాని ప్రదర్శనపు బరిలో నదురు పుట్టదు. అమెరికాలో 1933లో ఒక సారా కంపెనీ, మద్యనిషేధము సడలిన సంతోషమున, క్లైడ్స్‌డేల్ గుఱ్ఱముల జట్టును వీథులఁ ద్రిప్పెను. ఆ కంపెనీ జట్టునకుఁ గొను గుఱ్ఱమునకు నాలుగు కాళ్లును తెల్లనై యుండవలెననునది నేఁటికిని నియమము.

బరికిఁ బోవుటకు ముందటి పనిని మన రేవువారు చూచిరేని తమ పనియే యని గుర్తింతురు. మొదట సబ్బునీట కడిగి, వ్రేళ్లతో నులిమి మైల వదలింతురు. పసుపుచాయ పోవుటకు కడపటి నీటిలో నీలిమందు చుక్కలు కలుపుదురు. నీలి పసుపునకు విరుగుడు. కంటికిఁ దెలుపు హెచ్చినట్లు తోఁచునే గాని నిజమునకు మఱకయేమియుఁ బోదు. మోతాదు మించినచో కాలు నీలమగును. పెండ్లి పంచె నీలిపాలైన బాధ నెఱిఁగినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. పిదప తడి రోమములలోనికి శుభ్రమైన ఱంపపుఁ బొట్టును దట్టించి, అది తడిని పీల్చిన వెనుక దులిపి దువ్వుదురు. కుఱుచ రోమపు గుఱ్ఱములకైనచో తడిమీఁద సుద్ద రుద్ది, ఆఱిన పిమ్మట బ్రష్షుతో విదల్తురు. అమెరికావారు మొక్కజొన్న గంజిపిండిని వాడుదురు. మన చవుడు, నీలి, గంజి యను మూఁటికిని అచ్చట జోడు దొరకినది.

ఆ నీలిమందు కథయు వినఁదగినదే. పూర్వము ఈ నీలవర్ణమును ఆఫ్గన్ దేశపు బదక్షాన్ గనులలోని రాతినుండి తీసెడివారు. అది చిత్రకారులకే యందని వెల. 1824లో ఒక ఫ్రెంచి సంఘము, దీనిని చౌకగాఁ జేయువానికి 6,000 ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. 1828లో గిమే యను నతఁడు దానిని గెలుచుకొనెను. అటుపిమ్మటఁగదా అది చాకలి బానకును, గుఱ్ఱపుశాల బకెట్టుకును దిగివచ్చినది!

సుద్ద యంతకంటెఁ బాతది. ప్రాచీన రోమునందు పదవుల నర్థించువారు తమ అంగవస్త్రములకు సుద్ద పట్టించి ధవళముగావించుకొని జనులయెదుట నిలుచువారు. అభ్యర్థికి ఆంగ్లమునఁ గల పేరు ఆ తెలుపునుండియే పుట్టినది. క్రీస్తునకు పూర్వము 432లో ఇట్లు తెలుపు నంటించుకొనుటను నిషేధించుచు చట్టము చేసిరని లివీ యను చరిత్రకారుఁడు వ్రాసెను. ఉన్న తెలుపును బయల్పఱచుట వేఱు, లేని తెలుపును తెచ్చిపెట్టుట వేఱు అను వివాద మానాఁడే కలదన్నమాట.

ఆ రెండవ పని గుఱ్ఱములయెడ నెట్లు బెడిసికొట్టునో ఆస్ట్రేలియా చూపినది. 1984 ఆగస్టు 18న బ్రిస్బేను నగరపు ఈగిల్ ఫార్మ్ పందెములలో ఫైన్ కాటన్ అను సామాన్యపు గుఱ్ఱమునకు బదులుగా బోల్డ్ పర్సనాలిటీ యను మేటి గుఱ్ఱమును దింపిరి. (మొదటి గుఱ్ఱపుఁ బేరునకు సన్ననూలు అని యర్థము, మన సంచిక కింతకంటెఁ దగిన పేరు దొరకునా!) మేనికి జుట్టురంగు పూసిరి. అసలు గుఱ్ఱమునకుఁ గాళ్ల తెలుపు గలదు, దీనికి లేదు. రోమమును తెల్లఁబఱచు పెరాక్సైడు మఱచి వచ్చిరఁట! తుదకు తెల్లపెయింటు పూసిరి. గుఱ్ఱము ముక్కుతేడాతో గెలిచినది గాని కాళ్ల పెయింటు కాఱజొచ్చెను. ప్రేక్షకులు మోసమని కేకలు వేసిరి. గెలుపు రద్దయ్యెను, కారకులు శిక్షల పాలైరి. పని యెఱిఁగిన చాకలి యెవ్వఁడును నూనెరంగుతో మఱక కప్పఁడు.

అయితే నిజాయితీగాఁ జేసినను ఈ తెలుపునకు వెల చెల్లించునది గుఱ్ఱపుఁ గాలే. రంగులేని చర్మము ఎండకు కందును. దట్టపు రోమము నడుమ తడి నిలిచినచో సూక్ష్మజీవులు చేరి మడమలు పగిలి పుండ్లు పడును. కావున మంచి సైసు మాటిమాటికిఁ గడుగఁడు, కడిగినచో తడి యొకింతయు మిగులనీయఁడు. ప్రొద్దస్తమానము రేవునీటిలో నిలిచి వ్రేళ్లసందులు చెడిన మనవారి కీ బాధ పుస్తకములవలనఁ దెలిసినది గాదు.

ఇక బహుమానముల మాట. ప్రదర్శనములలో పతకము యజమాని పేరనే చేరును. కాళ్లు కడిగినవాని పేరు తఱచుగా వినఁబడదు. కాని బ్రిటనులో పందెములకు మున్ను గుఱ్ఱములను త్రిప్పి చూపునప్పుడు, అన్నిటికంటె చక్కగా ముస్తాబైన గుఱ్ఱము నేర్పఱచి, దానిని తీర్చిన సైసునకే రొక్కము నిచ్చు వాడుక యొకటి గలదు. పందెమింకను మొదలుకాకమునుపే, ఆ గుఱ్ఱము గెలుచునో ఓడునో తెలియకమునుపే, ఆ సొమ్ము వాని చేతఁ బడును.